వానాకాలం డ్యూటీకి ముందు సూది సంగతి చూసుకోండి

జులై సగం దాటితే మన వార్డుల్లో లెక్కలు మారిపోతాయి. మంచానికి ఇద్దరు, వరండాలో చాపల మీద ఇంకొందరు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, పేరు తేలని వైరల్ జ్వరాలు. వచ్చిన ప్రతి ఒక్కరికీ సెలైన్ ఎక్కించే లైన్ పెట్టాలి. డెంగీ అనుమానం ఉంటే ప్లేట్‌లెట్ల కోసం మళ్ళీ మళ్ళీ రక్తం తీయాలి. మామూలు రోజుల్లో వాడే సూదులకు రెండు మూడింతలు ఈ మూడు నెలల్లో మన చేతుల మీదుగా పోతాయి, చేతులు మాత్రం అవే. దోమతెరల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను సూది గురించే, అది మన నర్సుల చేతికి గుచ్చుకోవడం గురించే చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, రాత్రి రెండింటికి జ్వరంతో ఉన్న పిల్లాడికి లైన్ కోసం క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టాను. వాడు ఒకటే గింజుకుంటున్నాడు. తీసిన సూదిని ట్రేలో పడేసి, లైన్‌కి ప్లాస్టర్ వేశాను. తర్వాత ట్రేలో దూది ఏరుతుంటే కింద దాగి ఉన్న సూది వేలికి దిగింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే వచ్చిన జవాబు, "ఏం కాదులే, డెటాల్‌తో కడుక్కో." రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ బి టీకా మూడో డోసు అప్పటికి నేను వేయించుకోనేలేదు. నాకేమీ కాలేదు కానీ ఆ తర్వాతి ఆరు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. సూది పేషెంట్ ఒంట్లో ఉన్నంతసేపూ మన కళ్ళన్నీ దాని మీదే ఉంటాయి. బయటికి వచ్చాకే దాన్ని మర్చిపోతాం. నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం పేషెంట్ చేతికీ, వాడిన సూదులు వేసే తెల్ల డబ్బాకీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల్లో జరిగినవే.

అందుకని ఈ వారమే చేయాల్సిన పనులు. మీ టీకా కార్డు వెతికి తీయండి. హెపటైటిస్ బి మూడు డోసులు (మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది) పూర్తయ్యాయా చూడండి. పూర్తయితే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చేయించారా? మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు చేయించాల్సిన రక్తపరీక్ష అది. విలువ 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే టీకా పనిచేసినట్టు. అంతకు తక్కువైతే మళ్ళీ మూడు డోసులు వేయించుకుని, మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. మూడు డోసులు వేయించుకున్నాం కదా అని ధీమాగా తిరిగే సిస్టర్లు చాలామంది, టైటర్ మాట ఎత్తితే ముఖాలు చూసుకుంటారు.

"టీకాకి డబ్బులెవరిస్తారు?" అని కాంట్రాక్ట్ వాళ్ళు, ఔట్‌సోర్సింగ్ ఆయమ్మలు అడుగుతుంటారు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే దీనికి జవాబుంది. ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఏటా శిక్షణ ఇవ్వడం, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. పర్మనెంటా, కాంట్రాక్టా అన్న తేడా అందులో లేదు. ఇన్‌చార్జ్ సిస్టర్ దగ్గర గొడవ పడక్కర్లేదు, పేర్ల లిస్టు రాసి, సరుకులు కావాలని రాసే ఇండెంట్‌తో పాటు పైకి పంపించమనండి.

డ్యూటీలో పాటించాల్సిన వాటిలో మొదటిది, తెల్ల డబ్బా మీ దగ్గరికి రావాలి గానీ, సూది పట్టుకుని మీరు డబ్బా దగ్గరికి నడవకూడదు. ట్రాలీ మీద పెట్టుకుని మంచం పక్కకే తీసుకెళ్ళండి. ముప్పావు వంతు నిండగానే మార్చేయండి. నిండిన డబ్బాలోకి సూదిని వేలితో నొక్కి తోసేవాళ్ళను చూశాను, ఒళ్ళు జలదరిస్తుంది. వాడిన సూదికి క్యాప్ పెట్టొద్దు. తప్పనిసరైతే క్యాప్‌ను ట్రేలో పడుకోబెట్టి, ఒంటి చేత్తో సూదిని అందులోకి పోనివ్వండి. రెండో చేయి వెనక్కి పెట్టుకోండి. పిల్లలకు లైన్ పెట్టేటప్పుడు తల్లి ఒక్కతే పట్టుకుంటే చాలదు, మన మనిషి ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరు దొరికేదాకా రెండు నిమిషాలు ఆగినా పరవాలేదు. గ్లవ్స్ సూదిని ఆపలేవు, కానీ సూది మీది రక్తాన్ని కొంత తుడిచేస్తాయి. "గ్లవ్స్ వేసుకుంటే నరం దొరకదు" అనే సీనియర్లు ఉంటారు. అలవాటైతే దొరుకుతుంది.

అక్కర్లేని సూది వేయకపోవడం వీటన్నిటికన్నా మంచిది. మన ఊళ్ళలో సూది పడితేనే వైద్యం చేసినట్టు లెక్క. "ఒక్క డైక్లో వేయండమ్మా, జ్వరం దిగుతుంది" అని వెంట ఉన్నవాళ్ళు బతిమాలతారు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ ప్రమాదం. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండరంలో ఏ సూది వేసినా లోపల రక్తం చేరి వాచిపోవచ్చు. పారాసిటమాల్ బిళ్ళ చాలు. కాస్త ఓపిగ్గా చెబితే వింటారు.

పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ఊళ్ళలో మలేరియా కిట్‌తో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకూ ఇదే మాట. వేలికి గుచ్చి రక్తపు చుక్క తీసే ల్యాన్సెట్ చిన్నదని చులకన చేయొద్దు. సంచీలో విడిగా వేయకుండా, సూది దిగనంత మందమైన, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి పీహెచ్‌సీలో అప్పగించండి.

ఇంత చేసినా గుచ్చుకుంటే? సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్, డెటాల్, బ్లీచింగ్ ఏదీ పోయొద్దు. కంట్లో రక్తం పడితే నీళ్ళతోనో సెలైన్‌తోనో బాగా కడగాలి. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పి రిజిస్టర్‌లో రాయించండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు, పీఈపీ, రెండు గంటల్లోపు మొదలైతే మంచిది. 72 గంటలు దాటాక లాభం ఉండదు. 28 రోజులు మానకుండా వాడాలి. పేషెంట్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగుదామనుకోవద్దు. మొదటి డోసు వేసుకోండి, నెగెటివ్ అని తేలితే డాక్టరే ఆపిస్తారు. పేషెంట్‌కి పరీక్ష చేయాలంటే ఆయన ఒప్పుకోవాలి, చాటుగా చేయకూడదు. మీకూ అదే రోజు రక్తపరీక్ష జరగాలి, లేకపోతే ఆ తర్వాత ఏమి వచ్చినా డ్యూటీలో వచ్చిందని చూపించలేరు.

భయం ఎంతవరకు పడాలో కూడా తెలుసుకోండి. హెచ్‌ఐవీ ఉన్నవారి సూది వెయ్యిమందికి గుచ్చుకుంటే సోకేది సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బి అయితే, టీకా లేని వందమందిలో 6 నుంచి 30 మందికి సోకవచ్చు. ఎండిన రక్తంలో కూడా ఆ వైరస్ కనీసం వారం రోజులు బతుకుతుంది. మనం హెచ్‌ఐవీ పేరు వింటే వణుకుతాం, బి సంగతి పట్టించుకోం. హెపటైటిస్ సి కి టీకా లేదు, కానీ సోకినా నయం చేసే బిళ్ళలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా దొరుకుతున్నాయి.

పీఈపీ మందు మీ ఆసుపత్రిలో రాత్రి రెండింటికి ఏ బీరువాలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గర? ఈ ప్రశ్న ఇవాళే అడగండి. జవాబు కాగితం మీద రాసి డ్రెస్సింగ్ ట్రాలీకి అంటించండి. హెచ్‌ఐవీ చట్టం (2017) ప్రకారం ఈ మందు సిబ్బందికి అందుబాటులో ఉంచాల్సిందే.

మాసిన దుప్పట్లు తీసేటప్పుడు దులపకండి. లైటు వేసి, చూసి, మడత పెట్టండి. మనం వదిలేసిన సూది గుచ్చుకునేది ఆయమ్మకో, చాకలికో. వాళ్ళు అది ఎవరికీ చెప్పరు, పనిలోంచి తీసేస్తారని భయం. వాళ్ళకు కూడా ఇదంతా తెలుగులో, టీ తాగుతూ పది నిమిషాలు చెప్పండి.

ఇక చెప్పులు. వానకు షూ తడుస్తాయని ఈ నెలల్లో సగంమంది హవాయి చెప్పులతో డ్యూటీకి వస్తారు. కింద పడిన సూది పాదం మీదే పడుతుంది. ఒక జత పాత షూ లాకర్‌లో ఉంచుకోండి. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెడితే తెల్లారేసరికి ఆరిపోతాయి.