లువార్ తీరాన సైకిలు: గాలిని వెనక పెట్టుకోండి

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట సైకిలు తొక్కాలనుకునేవాళ్లకు ఒక మాట. నది పారే దిక్కుకే పోవాలని చాలామంది పడమరకు బయలుదేరతారు. ఆ నేల దాదాపు చదును, వాలు కాళ్లకు తెలియనే తెలియదు. తెలిసేది గాలి ఒక్కటే. అది ఎక్కువ రోజులు అట్లాంటిక్ వైపు నుంచి, అంటే పడమర నుంచే వీస్తుంది. కాబట్టి సోమ్యూర్‌లో బయలుదేరి తూర్పున ఉన్న తూర్ నగరం వైపు రండి. గాలే వీపు మీద చెయ్యి వేసి నెడుతుంది.

ఒడ్డు కూడా చూసుకోవాలి. ఉత్తరాన డీ952 రోడ్డు, దాని నిండా కార్లు. దక్షిణపు ఒడ్డున బ్రేయెమోఁ, విల్లాంద్రీ మీదుగా వెళ్లే సైకిలు దారి పట్టండి. బ్రేయెమోఁ దగ్గర అది కరకట్ట మీదే సాగుతుంది: ఒక పక్క నదిలో ఇసుక తిన్నెలు, మరో పక్క తెల్లరాతి గోడలు, నల్లటి పలకరాతి కప్పులు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే.

మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా పల్లెల్లో కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. సీసా ఖాళీ అయితే ఊరి సమాధుల తోట వెతకండి. పూలకు పోయడానికి అక్కడ సాధారణంగా కుళాయి ఉంటుంది. ‘నోఁ పొతాబ్ల్’ అన్న పలక కనిపిస్తే మాత్రం ఆ నీళ్లు తాగకండి.