గేమ్‌లో గాలిఓడ ఒక ఎత్తు దగ్గర నిలబడాలంటే

గేమ్‌లో హీలియం సంచికి పైకి లేపే మారని బలం ఇచ్చాం, ఓడ ఆకాశంలోకి పోతూనే ఉంది. సరైన లెక్క ఇది: (గాలి సాంద్రత − హీలియం సాంద్రత) × ఘనపరిమాణం × 9.81 (గురుత్వ త్వరణం). గాలి సాంద్రత ప్రతి ఫిజిక్స్ స్టెప్‌లోనూ (గేమ్ కదలికలను మళ్లీ లెక్కించే ప్రతిసారీ) ఎత్తును బట్టి తగ్గాలి. సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 1.225 కేజీలు, హీలియం 0.169. అంటే సాగని, మూసిన 1000 ఘనపు మీటర్ల సంచి చెన్నైలో సుమారు 1,055 కేజీలు లేపుతుంది. బెంగళూరు ఎత్తులో, 920 మీటర్ల దగ్గర, 950కి దిగుతుంది. ఆ తేడాయే ఓడను ఆపేది!

ఓడ పల్టీలు కొడుతుంటే అది వేరే తప్పు. బలాన్ని ఓడ గురుత్వ కేంద్రం దగ్గర కాదు, సంచి మధ్యలో ప్రయోగించాలి. బరువు కింద ఉంటే తనంతట తనే నిటారవుతుంది. ఇంకా పైకీ కిందికీ ఊగుతుంటే నిలువు వేగానికి డ్రాగ్ (వేగాన్ని తగ్గించే గాలి నిరోధం) పెంచండి, బలాన్ని ముట్టుకోవద్దు.