జోస్యానికి పరీక్ష – 3వ పాఠం: నాణెం తెచ్చుకునే మార్కులు

ముందు గత పాఠం ఇంటిపని చూద్దాం. మూడు జోస్యాలు ఇచ్చి, పరీక్షకు పనికొచ్చేవి ఏవో తేల్చమన్నాను.

మొదటిది, "ఈ ఏడాది పాలకులకు చిక్కులు తప్పవు." ఏ పాలకుడో లేదు, ఏ చిక్కో లేదు. చిక్కుల్లేని పాలకుడు ఏ ఏడాదిలోనూ దొరకడు కాబట్టి ఇది తప్పే అవకాశమే లేదు. కొట్టేయండి.

రెండోది, "ఫలానా అమ్మాయికి మార్చి 31లోగా పెళ్లి కుదురుతుంది." మనిషి ఉంది, గడువు ఉంది. పనికొస్తుంది. కుదరడమంటే మాట అనుకోవడమా, తాంబూలాలు పుచ్చుకోవడమా అన్నది మాత్రం ముందే కాగితం మీద పెట్టుకోవాలి. లేదంటే ఏప్రిల్‌లో వాదన మొదలవుతుంది.

మూడోది, "జూలైలో హైదరాబాద్‌లో వాన పడుతుంది." దీనికి చాలామంది 'బాగుంది' అని టిక్కు పెట్టి ఉంటారు. ఊరు, నెల రెండూ ఉన్నాయి, వాన పడకపోతే తప్పని తేలుతుంది. అంతవరకు నిజమే. కానీ నడి వర్షాకాలంలో ఆ మాట నాలుగేళ్ల పిల్ల చెప్పినా నిజమవుతుంది. జోస్యం ఒప్పే, మార్కులు మాత్రం సున్నా.

ఈ పాఠమంతా ఆ మూడో జోస్యం గురించే. జోస్యం నిజమైందా అని అడిగితే సరిపోదు, ఏమీ తెలియనివాడు చెప్పినా ఎన్నిసార్లు నిజమయ్యేదో కూడా అడగాలి. దాన్ని ఇక్కడ 'గుడ్డి మార్కు' అందాం.

గుడ్డి మార్కు కట్టడం

పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లాడో చెప్పేవారి గుడ్డి మార్కు దాదాపు సగం. వందమంది గర్భిణులకు చెబితే ఏ విద్యా లేకుండానే యాభై ఇళ్లలో నిజమవుతుంది. ఆ యాభై ఇళ్లవాళ్లే ఊళ్లో ప్రచారం చేస్తారు. మిగతా యాభై ఇళ్లలో పిల్లను ఎత్తుకునే హడావిడిలో ఎవరేం చెప్పారో మర్చిపోతారు.

అయితే గుడ్డి మార్కు ఎప్పుడూ సగమే అనుకోకండి. నలుగురు గట్టి అభ్యర్థులున్న నియోజకవర్గంలో, వాళ్లలో ఎవరి బలమెంతో తెలియకపోతే అది పావు. అదే, ఒక పార్టీ వరసగా గెలుస్తూ వస్తున్న సీటయితే 'మళ్లీ వాళ్లే' అన్న ఒక్క ముక్క చాలు, సగం కంటే చాలా ఎక్కువ వస్తుంది. ఏప్రిల్‌లో వానకి ఒక గుడ్డి మార్కు, జూలైలో వానకి ఇంకొకటి. పక్కన పెట్టి పోల్చాల్సింది నాణేన్ని మాత్రమే కాదు, మామూలు జ్ఞానం ఉన్న బద్ధకస్తుణ్ణి కూడా. ఈ బద్ధకస్తుణ్ణి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాడు.

ఉగాది రోజు పార్టీ ఆఫీసుల్లో పంచాంగ శ్రవణం చూసే ఉంటారు. ఈ ఆఫీసులో సిద్ధాంతిగారు ఈ పార్టీకి రాజయోగం అంటారు, ఆ ఆఫీసులో ఆయన ఆ పార్టీకి అంటారు. పోటీ ఇద్దరి మధ్యే అయితే ఎవరో ఒకరి మాట నిజం కాక తప్పదు. మరుసటి ఏడు శాలువా ఆయనకే.

పుణెలో పెట్టిన పరీక్ష

ఇక అసలైన ఉదాహరణ. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టాలని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) నిర్ణయించింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పి.ఎం. భార్గవ దాని మీద కోర్టుకు వెళ్లారు. చదువుల విషయంలో నిపుణుల నిర్ణయాల్లో జోక్యం చేసుకోబోమని 2004లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కోర్టు తేల్చేది చట్టం సంగతే. జాతకం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే పరీక్ష పెట్టాల్సిందే.

ఆ పరీక్షను 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ పుణెలో పెట్టారు. పుణె విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ విభాగం నుంచి సుధాకర్ కుంటే, అంధశ్రద్ధ నిర్మూలన సమితి నుంచి నరేంద్ర దభోల్కర్, ఒకప్పుడు తానే జ్యోతిషం చెప్పిన ప్రకాశ్ ఘాట్‌పాండే ఆయనతో కలిశారు. (దభోల్కర్‌ను 2013 ఆగస్టులో అదే పుణెలో కాల్చి చంపారు.) 2009 మార్చిలో ఫలితాలు 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చాయి.

ప్రశ్నను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నారో చూడండి. చదువులో చురుకైన పిల్లలు వందమంది, మానసిక వైకల్యం ఉన్న పిల్లలు వందమంది. వాళ్ల పుట్టిన తేదీ, సమయం, ఊరు సేకరించి జాతకచక్రాలు వేశారు. పేర్లు తీసేసి కోడ్ నంబర్లు ఇచ్చారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 జాతకాలు ఇచ్చి, ఏది ఏ గుంపుదో చెప్పమన్నారు. బుధుడు బుద్ధికారకుడు, పంచమం బుద్ధిస్థానం అని జ్యోతిషమే చెబుతుంది కనుక, మా విద్యలో లేని ప్రశ్న అడిగారని అనడానికి లేదు. వైకల్యం ఉందో లేదో అన్నదాంట్లో 'కొంతవరకు నిజమైంది' అనే సందూ లేదు. గుడ్డి మార్కు కచ్చితంగా సగం, అంటే 20.

51 మంది ముందుకొచ్చి జాతకాలు తెప్పించుకున్నారు. జవాబులు పంపింది 27 మంది. మిగతావాళ్లు ఎందుకు పంపలేదన్నది తరవాతి పాఠానికి దాచుకుందాం.

జవాబులు చూడకముందే నిర్వాహకులు పాస్ మార్కు ప్రకటించారు. 40కి 28.

28 ఎలా వచ్చింది?

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన లెక్క ఇదే. ఫోన్‌లో కాల్క్యులేటర్ చాలు.

నాణేన్ని 40సార్లు ఎగరేస్తే ప్రతిసారీ సరిగ్గా 20 బొమ్మలు పడవు. ఓసారి 17, ఓసారి 22. ఈ ఊగిసలాట మామూలుగా ఎంత ఉంటుందో తెలియాలంటే ప్రశ్నల సంఖ్యకు వర్గమూలం తీసి, రెండుతో భాగించండి. 40కి వర్గమూలం 6.32, అందులో సగం 3.16. లెక్కల పుస్తకాల్లో దీన్ని ప్రామాణిక విచలనం అంటారు. గుడ్డి మార్కు సగం అయినప్పుడే ఈ సులువు పద్ధతి పనిచేస్తుందని పక్కన రాసుకోండి.

ఇప్పుడు ఆ ఊగిసలాటను రెండున్నరతో హెచ్చించి గుడ్డి మార్కుకు కలపండి. 3.16 రెండున్నర రెట్లు 7.9. దానికి 20 కలిపితే 27.9, అంటే 28. అంత పైకి నాణెం ఒక్కటే వెళ్లే అవకాశం వెయ్యింట ఎనిమిది.

అదే లెక్క 10 ప్రశ్నలకు కట్టి చూడండి. ఊగిసలాట 1.58, పాస్ మార్కు 9. పదిలో ఏడు సరిగ్గా చెప్పాడని ఎవరైనా చొక్కా కాలర్ ఎగరేస్తే ఇక కంగారు పడనక్కర్లేదు. 20 ప్రశ్నలకు 16. వందకు 63. గమనించారా? పది ప్రశ్నల్లో నూటికి తొంభై కావాలి, వంద ప్రశ్నల్లో నూటికి అరవై మూడు చాలు. ప్రశ్నలు పెరిగేకొద్దీ అదృష్టం తగ్గిపోతుంది, నిజంగా విద్య ఉన్నవాడికి పరీక్ష సులువవుతుంది. అందుకే జోస్యం చెప్పేవారు 'ఒక్కటి అడుగు చాలు' అంటే ఒప్పుకోకండి. అది వాళ్లకీ నష్టమే.

పుణె ఫలితానికొస్తే, అందరికంటే ఎక్కువ తెచ్చుకున్న జ్యోతిష్కుడి మార్కులు 24. 28 ఎవరికీ రాలేదు. అందరిదీ కలిపి చూస్తే నూటికి 46 సరిపోయాయి. మొత్తం 200 జాతకాలూ తీసుకున్న ఒక సంస్థకు నూటికి 51 వచ్చాయి, అంటే 102. రెండువందల ప్రశ్నలకు ఊగిసలాట 7. వంద దగ్గర రెండు ఎక్కువ రావడం ఏమీ కాదు.

లెక్క అప్పుడే ఒంటబట్టినవాళ్లు ఇక్కడ ఒక అనుమానం తీస్తారు, తీయాలి కూడా. 27 మందికి 40 చొప్పున 1080 జవాబులు. ఊగిసలాట 16. నూటికి 46 అంటే 497 దాకా సరిపోయాయి. 540కి 43 తక్కువ, అంటే రెండున్నర రెట్లు దాటి కిందకి! జాతకం తలకిందులుగా పనిచేస్తోందా? అదేం కాదు. మన సూత్రం ప్రతి జవాబూ వేరే నాణెం అనుకుంటుంది. ఇక్కడ అందరూ అవే 200 జాతకాల్లోంచి తీసుకున్నారు, అందరూ ఇంచుమించు అవే సూత్రాలు వాడతారు. ఒక జాతకాన్ని ఒకరు తప్పు చదివితే మిగతావాళ్లూ అలాగే తప్పు చదివే అవకాశం ఎక్కువ. ఒకే తప్పు నాలుగైదుసార్లు లెక్కలోకి వస్తుంది. జవాబులు ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటే ఈ సూత్రాన్ని నేరుగా వాడకూడదు.

అందరిలో ఒకడు

24 తెచ్చుకున్న వ్యక్తి సంగతేంటి? ఇరవై కంటే ఎక్కువే కదా, ఆయనకి ఏదో తెలుసని అనొచ్చు కదా?

ఒక్క నాణెం 40కి 24 గానీ అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకునే అవకాశం నూటికి 13. 27 నాణేలు ఎగరేస్తే మూడో నాలుగో ఆ మార్కు అందుకుంటాయి. ఆయన చేసింది అంతకంటే వింతేం కాదు.

ఇదే లెక్క 28కీ వర్తిస్తుంది. ఒక్కడికి వెయ్యింట ఎనిమిదే. కానీ 27 మంది కూర్చుంటే, వాళ్లలో కనీసం ఒకరు అదృష్టం కొద్దీ 28 గానీ అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకునే అవకాశం నూటికి 20. తక్కువేం కాదు. ఒకవేళ ఆ రోజు ఎవరికైనా 29 వచ్చి ఉంటే ఏం చెయ్యాలి? పేపర్లో ఫొటో వేయకూడదు, 'మోసం' అని అరవనూ కూడదు. ఆయన్ని ఒక్కణ్ణే పిలిచి, కొత్త జాతకాలు 40 ఇచ్చి మళ్లీ పరీక్ష పెట్టాలి. నిజంగా తెలిసినవాడైతే మళ్లీ వస్తాయి. నాణెమైతే ఇరవై దగ్గరికి జారుతుంది.

ఆక్టోపస్, చిలక

2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జర్మనీలోని ఓబర్‌హౌసెన్ అక్వేరియంలో ఉన్న పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌లకు ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. టీవీలన్నీ చెప్పిన లెక్క 256లో ఒక వంతు. రెండేళ్ల ముందు యూరో కప్‌లో చెప్పినవి కూడా కలిపితే 14కి 12. మన సూత్రం ప్రకారం 14 ప్రశ్నలకు పాస్ మార్కు సరిగ్గా 12. పాసైంది!

ఇప్పుడు బద్ధకస్తుణ్ణి పిలుద్దాం. పాల్ చెప్పిన 14 మ్యాచ్‌ల్లో 13 జర్మనీ ఆడినవే. యూరో 2008లో జర్మనీ ఆరింటిలో నాలుగు గెలిచింది. 2010లో ఏడింటిలో ఐదు. కళ్లు మూసుకుని ప్రతిసారీ 'జర్మనీ' అన్నవాడికి 13కి 9 వచ్చి ఉండేవి. పాల్‌కు అవే పదమూడింటిలో వచ్చింది 11. మధ్యలో తేడా రెండే మ్యాచ్‌లు. గుడ్డి మార్కును సగం అనుకోవడం వల్లే 256 లాంటి అంకెలు పుడతాయి.

రెండో సంగతి, ఆ ఏడాది జోస్యం చెప్పింది పాల్ ఒక్కటే కాదు. సింగపూర్ లిటిల్ ఇండియాలో మణి అనే జోస్యం చిలక క్వార్టర్ ఫైనల్స్ నాలుగూ సరిగ్గా తీసింది. ఫైనల్‌కు నెదర్లాండ్స్ చీటీ తీసింది. పాల్ స్పెయిన్ అంది. జూలై 11న స్పెయిన్ 1–0తో గెలిచింది. ఆ ఒక్క గోలు అటు పడి ఉంటే ఈ పాఠంలో చిలక గురించి రాసేవాణ్ణి. అంతమంది పోటీదారుల్లోంచి చివరికి నిలిచినదాన్ని పట్టుకుని, అది ఒంటరిగా పోటీ చేసినట్టు లెక్క కట్టడం 27 నాణేల పొరపాటే. మళ్లీ పరీక్ష పెడదామంటే పాల్ ఆ అక్టోబర్‌లోనే చనిపోయింది.

ఇంటిపని

1. ఒకాయన 20 మ్యాచ్‌ల టాస్ ముందే చెప్పి 14 సరిగ్గా చెప్పాడు. పాసా, ఫెయిలా?

2. 500 మంది ఒక్కొక్కరు పది టాస్‌లు ఊహిస్తే, తొమ్మిదో పదో సరిపోయేవాళ్లు సుమారు ఎంతమంది ఉంటారు? ఒక్కడికి ఆ అవకాశం 1024లో 11.

3. ఒక సంఖ్యాశాస్త్ర నిపుణుడు పది నియోజకవర్గాలకు విజేతలను ప్రకటించి ఎనిమిది సరిగ్గా చెప్పాడు. ఆ పదింటిలో ఏడు, గత మూడు ఎన్నికల్లో ఒకే పార్టీ గెలిచినవి. మార్కులు వేసేముందు ఆయన్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండు రాయండి.

4. ఇది వారం రోజుల పని. మీ ఇంట్లో చూసే రాశిఫలాల్లోంచి, అవును–కాదు అని తేల్చగలిగే మాటలు పది ఏరండి. పది దొరక్కపోవచ్చు, ఎన్ని దొరికాయన్నదీ రాసుకోండి. ఒక్కోదాని పక్కన గుడ్డి మార్కు రాసి, కింద పాస్ మార్కు, తేదీ వేసి, కాగితం ఇంట్లో జోస్యాల మీద బాగా నమ్మకం ఉన్నవాళ్ల చేతికే ఇచ్చి దాచమనండి. వారం అయ్యాక ఇద్దరూ కలిసి తెరవండి. గుడ్డి మార్కు దగ్గర మీ ఇద్దరికీ గొడవొస్తే, ఆ గొడవ కూడా అదే కాగితం మీద రాయండి. జవాబులు పంపని 24 మంది దగ్గర మొదలయ్యే తరవాతి పాఠంలో అది పనికొస్తుంది.