జాబ్ ఆగిపోతే మనకెట్టా తెలియాల? డాగ్‌స్టర్‌లో సెన్సర్లు పెట్టుకోవడం

కావలి, అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో డీఓ మీటర్ల (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేవి) రీడింగులు రాత్రంతా వస్తా ఉంటాయి, వాటిని లెక్కగట్టి రైతు ఫోన్‌కి పంపే జాబ్ డాగ్‌స్టర్‌లో (డేటా జాబుల్ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టామనుకోండి. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారుజామునే, అప్పుడు జాబ్ ఆగితే ఆఫీసు టైముకి చూసుకుని ఏం లాభం, వెంటనే తెలియాల.

డాగ్‌స్టర్‌లో సెన్సర్ అంటే గుంటలో పెట్టేది కాదు, ఏం జరగతా ఉందో కనిపెట్టుకుని ఉండే కోడ్. జాబ్ ఒకసారి నడిస్తే దాన్ని రన్ అంటారు. ముందు రన్ ఫెయిల్యూర్ సెన్సర్ ఒకటి రాయండి. చిన్న పైథాన్ ఫంక్షనే, పైన డెకరేటర్ (@తో మొదలయ్యే లైను) తగిలించి లోపల స్లాక్‌కో మెయిల్‌కో మెసేజ్ పంపే కోడ్ పెడితే చాలు. మెసేజ్‌లో జాబ్ పేరు, రన్ ఐడీ, ఎర్రర్ మూడూ ఉండాల, ఉత్తినే "ఫెయిల్ అయింది" అని వస్తే నిద్రమొహంతో ఎక్కడని వెతుక్కుంటాం? ఏ జాబులు చూడాలో చెప్పకపోతే ఆ కోడ్ లొకేషన్‌లో (డాగ్‌స్టర్ లోడ్ చేసుకునే మన కోడ్) ఉన్నవన్నీ చూస్తది, టెస్ట్ జాబులకి కూడా ఫోన్ మోగతా ఉంటే నాలుగు రోజులకి ఎవురూ పట్టించుకోరు, అందుకని డెకరేటర్‌లో మానిటర్డ్ జాబ్స్ అనే ఆప్షన్ దగ్గర కావాల్సినవే ఇవ్వండి.

రాసి డెఫినిషన్స్‌లో (డాగ్‌స్టర్‌కి మన జాబులు, సెన్సర్లు ఏవో చెప్పే చోటు) చేర్చినంత మాత్రాన నడవదు. కొత్త సెన్సర్ ఆఫ్‌లోనే ఉంటది, యూఐలో స్విచ్ ఆన్ చేయాల, లేదా కోడ్‌లోనే డిఫాల్ట్ స్టేటస్ రన్నింగ్ అని పెట్టాల. సర్వర్‌లో అయితే డాగ్‌స్టర్ డీమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రాం) విడిగా నడస్తా ఉండాల, సెన్సర్లని మామూలుగా 30 సెకన్లకోసారి తిప్పేది అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సెన్సర్‌కి ఫెయిల్ అయిన రన్నులే కనపడతాయి. ఎవరన్నా క్యాన్సిల్ చేస్తే పట్టదు, దానికి క్యాన్సిల్డ్ స్టేటస్ మీద ఇంకో రన్ స్టేటస్ సెన్సర్ రాయాల. గంటల తరబడి వేలాడే రన్‌ అయితే ఫెయిలూ కాదు పాసూ కాదు, రన్ మానిటరింగ్ (నడిచే రన్నులని డీమన్ కనిపెట్టే సెట్టింగు) ఆన్ చేసి జాబ్‌కి మ్యాక్స్ రన్‌టైమ్ ట్యాగ్ సెకన్లలో ఇస్తే, ఆ టైము దాటినాక అదే ఆపి ఫెయిల్ కింద వేస్తది, అప్పుడు మన సెన్సర్ అందుకుంటది.

ఇక డీమనే పడిపోతే? జాబ్ మొదలే కాదు, సెన్సరూ తిరగదు, అంతా బాగున్నట్టే ఉంటది, నాకు అన్నిట్లోకి ఇదే భయం. అందుకే వేరే మెషీన్‌లో క్రాన్ (టైము ప్రకారం కమాండ్ నడిపేది) పెట్టి, మన జాబ్ రాసే టేబుల్‌లో చివరి రీడింగ్ ఎప్పటిదో పది నిమిషాలకోసారి దానిచేత చూపించండి, అరగంట దాటితే ఫోన్ చేయించండి. ఇది మాత్రం మానొద్దండీ.

అన్నీ పెట్టినాక పగటిపూట కావాలనే జాబ్‌లో ఎర్రర్ వేసి చూడండి, తర్వాత డీమన్‌ని ఆపి చూడండి, రెండిటికీ ఫోన్ మోగాల.