గాయపడి పారిపోయిన పిల్లి – 2వ పాఠం: పట్టుకోవడం

మొదటి పాఠంలో వెతకడం నేర్చుకున్నాం. దెబ్బ తగిలిన పిల్లి చాలా సార్లు ఇంటి చుట్టుపక్కలే, ఏ మెట్ల కిందో పొదలోనో నక్కుతుంది. పేరు పెట్టి పిలిచినా పలకదు. రాత్రి టార్చి వేసినప్పుడు కళ్లు మెరిశాయి, చోటు తెలిసింది. ఇక చేయి చాపడమే తరువాయి అనిపిస్తుంది. చాపకండి.

ముందు దూరం నుంచే ఊపిరి లెక్కపెట్టండి. డొక్క ఒకసారి లేచి దిగితే ఒకటి. విశ్రాంతిగా ఉన్న పిల్లికి నిమిషానికి సుమారు 20 నుంచి 30 దాకా ఉంటుంది, భయపడితే పెరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం అది ప్రాణాపాయ సూచన. పశువైద్యుడి దగ్గరకు చేర్చడంలో క్షణం ఆలస్యం వద్దు.

రొప్పడం లేదంటే మీకు కాస్త వ్యవధి ఉంది. అది పారిపోగల దారులను అట్టముక్కలతో, చెక్కలతో మూయండి. చుట్టూ చేరినవారిని పంపించేయండి (సలహాలు ఇచ్చేవారిని ముందుగా). ఒక్కరే నేలమీద పక్కకు తిరిగి కూర్చుని, కళ్లలోకి సూటిగా చూడకుండా, వాసన బాగా వచ్చే తిండిని పిల్లి దగ్గరకు జరపండి. వాసన చూపడానికే, పశువైద్యుడు మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక కడుపునిండా పెట్టకండి.

ఇప్పుడు మందపాటి తువాలు. పైనుంచి మెల్లగా తలతో సహా కప్పండి. చీకటి కమ్మితే చాలా పిల్లులు కదలడం మానేస్తాయి. ఒక చేయి ఛాతీ కింద, మరొకటి తుంటి కింద ఉంచి, తువాలుతోనే ఎత్తి, మూత పైకి తెరుచుకునే పెట్టెలో దించండి. మెడ పట్టి ఎత్తవద్దు. వెనక కాళ్లు ఈడుస్తుంటే వెన్ను దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు ఎత్తకుండా చదునైన పలక మీదకు జరపండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో 5 నిమిషాలు అదిమి పట్టండి. ఆగిందేమోనని మధ్యలో ఎత్తి చూడవద్దు.

నొప్పిలో ఉన్న పిల్లి పెంచిన చేతినే కరుస్తుంది. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుడిని కలవండి. పంటిగాటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ లోతుగా దిగుతుంది. రేబిస్ టీకా మాట కూడా అడగాలి.

నొప్పి తగ్గాలని పారాసిటమాల్ మాత్రం వేయకండి. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

అభ్యాసం: తువాలు చుట్టడం ముందు దిండు మీద చేసి చూడండి. మీ ఇంట్లో పిల్లి నిద్రపోతున్నప్పుడు 30 సెకన్లు ఊపిరి లెక్కపెట్టి, రెట్టింపు చేసి రాసుకోండి. 3వ పాఠానికి ఆ అంకె కావాలి: చిగుళ్ల రంగు, ఒంటి వేడి చూసి ప్రమాదాన్ని అంచనా వేయడం అక్కడ చూద్దాం.