మోసగాడి నంబరు మూగబోయేలోగా చేయాల్సినవి

ధాన్యం డబ్బులు పడాలంటే ఈ ఫైలు తెరవండి అని వాట్సాప్‌లో పంపినవాడికి సాయంత్రం ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వస్తుంది. నంబరే పనిచేయకపోతే ఇంకెవరి మీద ఫిర్యాదు చేస్తాం అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి ఈ వ్యాపారంలో అన్నిటికంటే చవకైన సరుకు ఆ నంబరే. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్ళింది, ఏ హ్యాండ్‌సెట్టు వాడారు అన్నవి సిమ్ చచ్చినా రికార్డుల్లో ఉంటాయి. ఆలస్యమైతే పోయేది డబ్బు.

ఆ సిమ్ మోసగాడి పేరున ఉండదు. సంతలోనో తిరునాళ్లలోనో గొడుగు వేసుకుని సిమ్‌లు అమ్మే మనిషి "వేలిముద్ర పడలేదండీ, ఇంకోసారి పెట్టండి" అంటే మారుమాట్లాడకుండా పెడతాం. నిజంగానే పడకపోవచ్చు, పొలం పనుల్లో అరిగిన వేళ్ళను మిషను పట్టకపోవడం మామూలే. కానీ ఆ రెండో ముద్రతో రెండో సిమ్ తీసి బయట అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. అలాంటి సిమ్‌లను పదులకొద్దీ ఒకే పరికరంలో పెట్టి, ఇంటర్నెట్ మీద వచ్చే కాల్‌ను లోకల్ కాల్‌గా మారుస్తారు. దాన్నే సిమ్ బాక్స్ అంటారు. మాట్లాడేవాడు కంబోడియాలో కూర్చున్నా మన ఫోన్‌లో +91 నంబరే కనిపిస్తుంది.

ఇక ఆ నంబరు ఎందుకు ఆగిపోతుందంటే, చాలాసార్లు మోసగాడే తీసి పారేస్తాడు. పని అయిపోయిన సిమ్ ఫోన్‌లో ఉంటే టవర్ ఆచూకీ దొరుకుతుంది. వాడు తీయకపోయినా టెలికాం కంపెనీ కంట్లో పడుతుంది: రోజంతా కొత్త నంబర్లకు వందల కాల్స్ వెళ్తూ, తిరిగి వచ్చే కాల్ ఒక్కటీ లేకుండా, ఒకే టవర్ కింద కదలకుండా ఉండే సిమ్ మామూలు మనిషిది కాదు. ఒకే ముఖం ఫొటోతో వేర్వేరు పేర్ల మీద తీసిన సిమ్‌లను టెలికాం శాఖ వాడే అస్త్ర్ అనే సాఫ్ట్‌వేర్ ఏరుతుంది. అనుమానం వచ్చిన కనెక్షన్‌కు మళ్ళీ కేవైసీ (గుర్తింపు రుజువు) అడుగుతారు, ఎవరూ రాకపోతే కోసేస్తారు. హ్యాండ్‌సెట్టు గుర్తింపు సంఖ్య (ఐఎంఈఐ) దొరికితే అందులో తిరిగిన సిమ్‌లన్నిటికీ అదే గతి. 2024 మే నెలలో 28,200 హ్యాండ్‌సెట్లను ఆపి, వాటిలో వాడిన 20 లక్షల కనెక్షన్లను మళ్ళీ తనిఖీ చేయమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది.

తిరిగి చేసినప్పుడు వినిపించే మాటను బట్టి కొంత తెలుస్తుంది. స్విచ్ ఆఫ్ అంటే సిమ్ ఇంకా బతికే ఉండొచ్చు, ఫోన్ ఆపేశారు లేదా సిమ్ బయటికి తీశారంతే. రేపు మళ్ళీ మోగొచ్చు. ఇన్‌కమింగ్ సౌకర్యం లేదంటే రీఛార్జ్ అయిపోయి ఉండొచ్చు, కంపెనీ ఆపేసి అయినా ఉండొచ్చు. అసలు ఆ నంబరే లేదని వస్తే కోసేశారు, లేదా విదేశం నుంచి చేస్తూ దొంగ నంబరు చూపించారు. +91 ముసుగు వేసుకుని బయటి నుంచి వచ్చే కాల్స్‌ను ఆపే వ్యవస్థ 2024 అక్టోబరులో మొదలైంది. అందుకే ఇప్పుడు +92, +84 లాంటి విదేశీ కోడ్‌లతో నేరుగా చేసేవాళ్ళూ ఉన్నారు. కోనసీమలో సగం ఇళ్ళకు కువైట్ +965, మస్కట్ +968 అలవాటే కాబట్టి, బయటి కోడ్ కనబడితే మనవాళ్ళేలే అని ఎత్తేస్తాం. నంబరు ఫోన్‌లో సేవ్ అయి లేకపోతే ఎత్తకండి. మనవాళ్ళయితే వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, స్క్రీన్‌షాట్లు తర్వాత. పోయిన సొమ్ము నిమిషాల్లో నాలుగైదు ఖాతాలు దాటి ఏటీఎంలో బయటికి వస్తుంది. అది ఎక్కడో ఒకచోట ఉండగానే ఆపాలి. లైన్ కలవకపోతే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నేరుగా ఫిర్యాదు పెట్టండి, బ్యాంకు కస్టమర్ కేర్‌కూ చెప్పండి. చేతిలో ఉండాల్సినవి: మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, యూటీఆర్ నంబరు. ఫోన్‌పే, గూగుల్ పేలో ఆ లావాదేవీ తెరిస్తే కనిపించే 12 అంకెలే యూటీఆర్. చాలామంది దాని బదులు యాప్ సొంత ట్రాన్సాక్షన్ ఐడీ చదివి చెబుతారు. రెండూ రాసి పెట్టుకోండి. ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు రాగానే అదే రోజు పోర్టల్‌లో వివరాలు పూర్తి చేయండి.

వాట్సాప్‌లో వచ్చిన ఆ ఫైలు ఏపీకే (యాప్‌ను ఎక్కించే ఫైలు) అయి, దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఉంటే 1930కి ఆ ఫోన్‌తో చేయకండి. ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇంట్లో ఇంకో ఫోన్ అందుకోండి. ఆ యాప్ మీ ఎస్సెమ్మెస్‌లు చదువుతూ ఓటీపీలు అవతలికి పంపుతుంటుంది. కంగారులో ఫోన్ ఫార్మాట్ కొట్టేస్తే ఆధారాలన్నీ పోతాయి, పోలీసులు చూసేదాకా ఆగండి. మరో ఫోన్‌తో బ్యాంకింగ్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చండి. ఎవరైనా ఫోన్లో స్టార్ గుర్తులతో ఏదో డయల్ చేయించి ఉంటే ##002# కొట్టండి, కాల్ ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది.

తర్వాత వాట్సాప్. బ్లాక్ చేసే ముందే ప్రొఫైల్, నంబరు, చాటింగ్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయండి. రిపోర్ట్ నొక్కితే చాట్ కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. సిమ్ చచ్చినంత మాత్రాన వాట్సాప్ ఖాతా ఆగుతుందనుకోవద్దు, కాబట్టి దాన్ని విడిగా రిపోర్ట్ చేయాలి. తిరిగి ఫోన్ చేసి తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. నంబరు దొంగదై ఉంటే ఆ తిట్లు ఏ తణుకులోనో ఉన్న అమాయకుడికి తగులుతాయి. పోయిన డబ్బు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి అంటూ కొన్నాళ్ళకు వచ్చే ఫోన్ కూడా మోసమే.

డబ్బు పోలేదు, ప్రయత్నం మాత్రమే జరిగిందంటే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చక్షు అనే ఫిర్యాదు విభాగం ఉంది. గత 30 రోజుల్లో వచ్చిన కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ గురించి అందులో చెప్పొచ్చు. తేదీ, సమయం ఖచ్చితంగా కాల్ లాగ్ చూసే రాయండి. ఉత్త ప్రచార కాల్స్ అయితే 1909కి ఫిర్యాదు చేయండి.

అదే సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి: మొబైల్ నంబరు, క్యాప్చా, ఓటీపీ, అంతే. జాబితాలో తెలియనిది ఉంటే "నాది కాదు" అని గుర్తు పెట్టి, వచ్చిన రిఫరెన్స్ నంబరు దాచుకోండి. ఒక మనిషికి ఆంధ్రలో 9 సిమ్‌ల వరకు అనుమతి, కాబట్టి ఒకటి అదనంగా ఉన్నా దానంతట అదే బయటపడదు.

గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు ఇక్కడి సిమ్‌ను డ్రాయర్‌లో పడేసి వెళ్తారు. 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరును తీసేయొచ్చు, ఆ తర్వాత ఇంకో 90 రోజులకు వేరేవాళ్ళకు ఇవ్వొచ్చు. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీ వాళ్ళకు వెళ్తుంది. విమానం ఎక్కేలోపు బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఇంట్లోవాళ్ళు వాడే నంబరు పెట్టించండి, లేదా ఆ సిమ్‌ను ఇంట్లో ఫోన్‌లో వేసి రీఛార్జ్ చేయిస్తూ ఉండమనండి.