కారు ముందు షాక్ అబ్జార్బర్లు ఇంటి దగ్గరే మార్చాలంటే ఏ పనిముట్లు కొనాలి?

బెజవాడ ఆటోనగర్‌లో కారు పనికి దొరకని పనిముట్టంటూ ఉండదు. చిక్కల్లా ఏది మంచిది కొనాలి, ఎక్కడ చవకది సరిపోతుంది అన్నదే. ముందు షాక్ అబ్జార్బర్ల పనికి నా మాట ఇది: పానాల దగ్గర పొదుపు చేసినా పరవాలేదు, ఎత్తిన కారును మోసే స్టాండ్ల దగ్గరా, స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ దగ్గరా మాత్రం వద్దు.

కొట్టుకు వెళ్లే ముందు కారును చూడండి. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చి వేయండి. స్విఫ్ట్, వ్యాగనార్ లాంటి చిన్న కార్లలో ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అంటే షాక్ అబ్జార్బరూ, దాని చుట్టూ స్ప్రింగూ కలిసి ఒకే భాగం. కింద రెండు పెద్ద బోల్టులు, మధ్యలో బ్రేకు హోస్ బిగించిన చోటు, కొన్ని కార్లలో స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే రాడ్డును స్ట్రట్‌కు కలిపేది), పైన బానెట్ కింద చాలా కార్లలో రెండు మూడు చిన్న నట్లు కనిపిస్తాయి. మట్టి తుడిచి, ఏ నట్టుకు ఏ పానా పడుతుందో కాగితం మీద రాసుకోండి. పెద్దవి ఎక్కువగా 17 లేదా 19 మి.మీ., పైవి 12 లేదా 14 మి.మీ. ఉంటాయి. కానీ మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి ఊహించి కొనొద్దు.

ఇక ఎత్తే సామాను. డిక్కీలో వచ్చే జాకీ పంక్చరైన టైరు మార్చడానికే. దాని మీద నిలిపిన కారు కిందికి చెయ్యి కూడా పెట్టకూడదు. ఒక ట్రాలీ జాకీ, రెండు స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డుదిమ్మలు కావాలి. స్టాండ్ల మీద రాసిన టన్నులు ఒక్కోదానికా, జతకా అన్నది అడిగి తెలుసుకోండి. పిన్ను లూజుగా ఆడుతున్నవీ, వెల్డింగ్ సరిగా లేనివీ వదిలేయండి. మన ఎండలకు తారు మెత్తబడి స్టాండు కాలు దిగబడుతుంది. సిమెంటు నేల మీద చేయడమే మంచిది.

సాకెట్లు ఆరు పలకలవి తీసుకోండి. పన్నెండు పలకలవి బిగుసుకున్న నట్టు అంచుల్ని అరగదీస్తాయి. అరంగుళం డ్రైవ్‌లో (సాకెట్ వెనక చదరపు రంధ్రం కొలత అది) పొడవాటి బార్ ఒకటి ఉంటే ఇంపాక్ట్ గన్ అవసరమే రాదు. బందరు, బాపట్ల వైపు తిరిగిన కార్లలో ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి ఉండొచ్చు. తుప్పు వదిలించే స్ప్రే ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. లింకు నట్టు విప్పేటప్పుడు లోపలి బోల్టు కూడా దానితోపాటే తిరుగుతుంది. దాన్ని ఆపడానికి ఎల్-కీ సెట్టు కావాలి.

అసలు జాగ్రత్త స్ప్రింగు దగ్గర. స్ట్రట్‌లో స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది పైన మధ్యలో ఉన్న ఒక్క నట్టే. కంప్రెసర్ పెట్టకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు కొన్ని వందల కిలోల బలంతో ఎగిరి ముఖానికి తగులుతుంది, ప్రాణం పోవచ్చు. కంప్రెసర్ కొనేటప్పుడు కొక్కేలు మందంగా ఉన్నాయా, స్ప్రింగు జారకుండా పిన్నో తాళమో ఉందా, మరలు అరగకుండా ఉన్నాయా చూడండి. వంగిన కొక్కెం ఉన్న పాతది ఎంత చవకైనా వద్దు. వాడేటప్పుడు మరలకు గ్రీజు రాసి, కంప్రెసర్ జతలోని రెండింటినీ స్ప్రింగుకు ఎదురెదురుగా పెట్టి, ఇటు కొన్ని చుట్లు, అటు కొన్ని చుట్లు చేత్తోనే బిగించాలి. పై గిన్నెలో స్ప్రింగు వదులై ఆడుతున్నాకే మధ్య నట్టు ముట్టుకోవాలి. షాక్ అబ్జార్బర్ కడ్డీ తిరగకుండా ఎల్-కీతో పట్టుకుని, వంపు రింగు పానాతో నట్టు విప్పాలి.

ఇదంతా చదివి చెయ్యి వెనకాడితే మొహమాటపడకండి. స్ట్రట్‌లు కారు నుంచి మాత్రమే మీరు విప్పి, మధ్య నట్టు ముట్టుకోకుండా అలాగే ఆటోనగర్‌కో గుంటూరులో మీకు తెలిసిన షెడ్డుకో తీసుకెళ్లి, స్ప్రింగు మార్చే పని మాత్రం గోడకు బిగించిన పెద్ద కంప్రెసర్ మీద చేయించండి. మొదటిసారి చేసేవాళ్లకు నేను ఇదే చెబుతాను. కంప్రెసర్ డబ్బులు మిగులుతాయి, ఆ డబ్బుతో టార్క్ రెంచ్ (నట్టును చెప్పినంత బలంతోనే బిగించే పానా) కొనుక్కోవచ్చు.

టార్క్ రెంచ్ అరంగుళం డ్రైవ్‌లో 40 నుంచి 210 న్యూటన్ మీటర్లది తీసుకుంటే కింది బోల్టులకూ చక్రం నట్లకూ సరిపోతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో చక్రం నట్లకు చాలావరకు 85 నుంచి 100 మధ్య చాలు. మిగతా అంకెలు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. పైనున్న చిన్న నట్లకు ఈ పెద్ద రెంచ్ పనికిరాదు, వాటికి తక్కువ అంకెల చిన్నది వేరే కావాలి. పని అయ్యాక రెంచ్‌ను దాని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి.

షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ జతగానే మార్చండి. కింది బోల్టులు విప్పే ముందు అవి కూర్చున్న చోట గీత పెట్టుకుంటే తిరిగి దాదాపు అక్కడే బిగించవచ్చు, అలైన్‌మెంట్ షాపు దాకా కారు పక్కకు లాగకుండా వెళుతుంది. అలైన్‌మెంట్ మాత్రం ఆ రోజే చేయించుకోవాలి. ఆలస్యమైతే కొత్త టైర్లయినా ఒక పక్క అరిగిపోతాయి.